న్యూస్‌లెటర్ పంపేది ఎక్కడి నుంచి, దాచేది ఎక్కడ?

ఈమెయిల్ న్యూస్‌లెటర్ మొదలుపెట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే, "ఏ సర్వీసు ఫ్రీగా వస్తుంది?" అని. నేను తిరిగి ఇంకోటి అడుగుతాను. పోయిన ఏడాది ఉగాది సంచిక కావాలని ఎవరైనా అడిగితే మీరు ఏ లింకు ఇస్తారు? దీనికి జవాబు ఉందంటే ఎంపిక సగం అయిపోయినట్టే. "ఇన్‌బాక్స్‌లో వెతుక్కోమంటాను" అంటారా, అయితే ఈ వ్యాసం మీకోసమే.

నేను పుస్తకాల మీద నెలకో ఉత్తరం పంపుతుంటాను. చందాదారులు నాలుగు వందల లోపే. ఇంత చిన్న ఉత్తరానికే మూడుసార్లు ఇల్లు మారాల్సి వచ్చింది. అందుకే సర్వీసుల ధరల కంటే, అవి మూతపడితే మన చేతిలో ఏం మిగులుతుందన్న లెక్కే నాకు ముందు గుర్తొస్తుంది.

మెయిల్, పాత సంచికల పేజీ, ఫీడ్. ఈ మూడూ మూడు వేరువేరు పనులు. మెయిల్ పోస్టు డబ్బాలో వేసిన ఉత్తరం లాంటిది, వెళ్లాక అచ్చుతప్పు కూడా దిద్దలేం. పాత సంచికల పేజీ, అంటే ఆర్కైవ్, బీరువా లాంటిది. దిద్దుకోవచ్చు, వెతుక్కోవచ్చు, గూగుల్‌కీ దొరుకుతుంది. ఫీడ్ అన్నది కొత్త సంచిక వచ్చిందని ఇతర ప్రోగ్రాములకు చెప్పే చిన్న ఫైలు. ఆర్‌ఎస్‌ఎస్ అనే ఈ పద్ధతి 1999లో నెట్‌స్కేప్ దగ్గర పుట్టింది. దాని తమ్ముడు ఆటమ్ 2005లో ప్రమాణంగా స్థిరపడింది. 2013 జూలై 1న, ఫీడ్లన్నీ ఒకచోట చదువుకునే రీడర్లలో పేరున్న గూగుల్ రీడర్ ఆగిపోయాక ఫీడ్ల పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. అయిపోలేదు, పాడ్‌కాస్టులు ఇప్పటికీ ఫీడ్ల మీదే నడుస్తున్నాయి. తెలుగు బ్లాగులు కళకళలాడిన రోజుల్లో కూడలి, జల్లెడ, హారం, మాలిక చేసిన పనీ ఇదే. వందల బ్లాగుల ఫీడ్లు చదివి కొత్త టపాలన్నీ ఒకచోట చూపించేవి.

ఇక మూతపడ్డవాటి సంగతి. రచ్చబండ లాంటి తెలుగు గుంపులు ఏళ్ల తరబడి కబుర్లు చెప్పుకున్న యాహూ గ్రూప్స్‌లో పాత సంభాషణలను 2019 డిసెంబరులో తీసేశారు, 2020 డిసెంబరులో మొత్తానికే మూసేశారు. బ్లాగు టపాలను మెయిల్‌లో పంపే ఫీడ్‌బర్నర్ సదుపాయాన్ని గూగుల్ 2021 జూలైలో ఆపేసింది. దాంతో ఎన్నో బ్లాగ్‌స్పాట్ బ్లాగుల పక్కన ఉండే "ఈమెయిల్‌లో పొందండి" డబ్బా ఉత్త డబ్బా అయింది. ట్విట్టర్ 2021లో కొన్న న్యూస్‌లెటర్ సర్వీసు రెవ్యూ 2023 జనవరి 18న పోయింది. వాడటానికి అంత సులువైనది ఇంకోటి లేదని పేరున్న టైనీలెటర్‌ను దాని యజమాని మెయిల్‌చింప్ 2024 ఫిబ్రవరి 29న ఆపేసింది. వీటిలో దాదాపు అన్నీ ముందుగా గడువు చెప్పే మూశాయి. అయినా గడువులోపు ఎక్స్‌పోర్ట్ చేసుకోనివాళ్లకి, అంటే తమ రాతలను ఫైలుగా దింపుకోనివాళ్లకి, మిగిలింది ఇన్‌బాక్స్‌లో ఉన్న కాపీలే.

కాబట్టి నా కొలత ఒక్కటే: అసలు ప్రతి మీ పేరుమీదున్న అడ్రసులో ఉండాలి, మెయిల్‌లో వెళ్లేది దాని నకలై ఉండాలి. సొంత డొమైన్‌కి, అంటే ఆ అడ్రసు పేరుకి, ఏడాదికి వెయ్యి రూపాయలు, కాస్త అటూ ఇటూ. సర్వీసు ఎవరిదైనా డొమైన్ మీ సొంతమైతే, రేపు ఇంకోచోటికి మారినా పాత లింకులు పనిచేసేలా చూసుకోవచ్చు.

మూడు దారులు

మొదటిది మెయిల్ ముందు. మెయిల్‌చింప్, బటన్‌డౌన్, లిస్ట్‌మాంక్ ఈ కోవలోవి. మీరు ఉత్తరం రాసి పంపుతారు, ఆర్కైవ్ దానికి తోకలాగా తయారవుతుంది. మెయిల్‌చింప్ ఆర్కైవ్ వ్యాపార ప్రకటనలకు సరిపోతుందేమో గానీ, పదేళ్ల తర్వాత కూడా ఎవరైనా చదవాలనుకునే సాహిత్యానికి సరిపోదు. మామూలుగా అది చూపించేది ఇటీవలి ఇరవై సంచికల జాబితానే, అడ్రసు కూడా మీ పేరులా కాకుండా ఏదో కోడ్‌లా ఉంటుంది. బటన్‌డౌన్ చిన్నదీ శుభ్రమైనదీ. వంద మంది చందాదారుల వరకు ఫ్రీ. మార్క్‌డౌన్‌లో, అంటే శీర్షికలకీ లింకులకీ చిన్న చిన్న గుర్తులు పెట్టే పద్ధతిలో, రాసుకోవచ్చు, ఆర్కైవ్ చదవడానికి బాగుంటుంది, దానికి ఫీడ్ కూడా ఉంటుంది. వందలోపు పాఠకులతో మొదలుపెట్టేవాళ్లు కళ్లు మూసుకుని దీన్ని ఎంచుకోవచ్చు.

లిస్ట్‌మాంక్ గురించి నాలుగు మాటలు ఎక్కువే చెప్పాలి. బెంగళూరులోని షేర్ల బ్రోకరేజీ సంస్థ జెరోధా సాంకేతిక అధిపతి కైలాశ్ నాధ్ మొదలుపెట్టి 2019లో అందరికీ ఉచితంగా విడుదల చేసిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఇది. దీన్ని మీ సర్వర్‌లో మీరే పెట్టుకోవాలి. ఒకే ఫైలుగా దొరుకుతుంది, పక్కన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంటే చాలు. పంపిన ఉత్తరాల్లో ఏవి బయటివాళ్లకి కనిపించాలో ఎంచుకుంటే ఆర్కైవ్ పేజీ, దానికో ఫీడ్ వచ్చేస్తాయి. నెలకు ఐదారు డాలర్ల సర్వర్, మెయిళ్లు పంపడానికి అమెజాన్ ఎస్‌ఈఎస్ అనుకుంటే, వెయ్యి మెయిళ్లకు పది సెంట్లు. ఐదొందల మందికి వారానికొకటి పంపినా మెయిళ్ల ఖర్చు నెలకు పావలా డాలర్ దాటదు. కానీ సర్వర్ అప్‌డేట్లు, బ్యాకప్‌లు, అర్ధరాత్రి ఆగిపోతే లేపడం, అన్నీ మీ నెత్తినే. ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఉన్నారని ధైర్యం చేయకండి. వాళ్లకి సొంత ఆఫీసు టెన్షన్లే చాలు.

రెండో దారి, రెండూ సమానంగా నడిచేది. సబ్‌స్టాక్, ఘోస్ట్. "పబ్లిష్" నొక్కగానే వెబ్‌లో పేజీ వస్తుంది, అదే మెయిల్‌గానూ వెళ్తుంది, ఫీడ్‌లోనూ చేరుతుంది. 2017లో మొదలైన సబ్‌స్టాక్‌లో పని పది నిమిషాల్లో అయిపోతుంది. అడ్రసు చివర స్లాష్ పెట్టి ఇంగ్లిష్‌లో ఫీడ్ అని చేర్చితే ఫీడ్, ఆర్కైవ్ అని చేర్చితే పాత సంచికలు. ఉచిత సంచికలు ఫీడ్‌లో పూర్తిగా వస్తాయి. రాతలూ చందాదారుల జాబితా రెండూ దింపుకోనిస్తుంది, అది దాని మర్యాద. సొంత డొమైన్ తగిలించాలంటే ఒక్కసారి 50 డాలర్లు కట్టాలి. చాలామంది ఈ ఖర్చు దండగ అనుకుని మానేస్తారు. నా లెక్కలో సబ్‌స్టాక్‌లో పెట్టదగిన ఖర్చు ఇదొక్కటే.

ఘోస్ట్ 2013లో విరాళాలతో పుట్టి, లాభాపేక్ష లేని సంస్థ చేతుల్లో నడుస్తోంది. ఓపెన్ సోర్స్ కాబట్టి వాళ్ల దగ్గరే అద్దెకు ఉండొచ్చు, లేదంటే సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. సొంతంగా పెట్టుకుంటే మెయిళ్లు పంపడానికి మెయిల్‌గన్ ఖాతా కావాలి, ఈ మాట మొదట్లో చాలామందికి తెలియదు. పత్రికలాగా నడపాలనుకునేవాళ్లకి ఘోస్ట్ హుందాగా ఉంటుంది. సరదాగా రాసేవాళ్లకి మాత్రం నెలనెలా అద్దె బరువే.

మూడోది సైటు ముందు. వర్డ్‌ప్రెస్‌లోనో బ్లాగర్‌లోనో రాస్తారు, దాని ఫీడ్‌ను చూసి మెయిల్ దానంతటదే వెళ్తుంది. వర్డ్‌ప్రెస్‌లో జెట్‌ప్యాక్ ప్లగిన్ పెడితే కొత్త టపా చందాదారులకు మెయిల్‌గా చేరుతుంది. బ్లాగర్ అయితే ఫాలో డాట్ ఇట్ లాంటివి ఫీడ్‌బర్నర్ వదిలేసిన పని చేస్తున్నాయి. మెయిల్‌చింప్, బటన్‌డౌన్ కూడా ఫీడ్ ఇస్తే మెయిల్ పంపగలవు. నేను చివరికి స్థిరపడింది ఈ దారిలోనే. మెయిల్ పంపే సర్వీసు నచ్చకపోతే మార్చేస్తాను, సైటు చెక్కుచెదరదు. పాఠకులకు తేడా కూడా తెలియదు.

తెలియదు అన్నాను గానీ, ఒకసారి బాగా తెలిసింది. సైటును ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు ఫీడ్‌లో ఒక్కో సంచికకూ ఉండే గుర్తింపు సంఖ్యలు మారిపోయాయి. మెయిల్ పంపే సర్వీసు వాటన్నింటినీ కొత్తవనుకుంది. రాత్రి పదకొండింటికి పది పాత సంచికలు వరసపెట్టి అందరికీ వెళ్లాయి, ఎండాకాలంలో దీపావళి ఉత్తరంతో సహా. పొద్దున్నే రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన ఫోన్. "ఏమ్మా, నీ అకౌంటు ఎవరైనా కొట్టేశారా? బ్యాంకు వాళ్లకి చెప్పు ముందు." తప్పు నాదే. సైటు మార్చేముందు ఫీడ్ నుంచి మెయిల్ వెళ్లే స్విచ్ ఆపాలి. కొత్త సైటులో ఫీడ్ ఒకసారి చదివించి, అందులో ఉన్నవన్నీ పాతవేనని సర్వీసుకి చెప్పాకే మళ్లీ తెరవాలి. ఈ దారి ఎంచుకునేవాళ్లు ఇదొక్కటి కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి.

తెలుగు రాస్తే వచ్చే చిక్కులు

ఇంగ్లిష్‌లో రాసిన పోలికల్లో కనిపించని సంగతులివి. మన ఎంపికను నిజంగా మార్చేవీ ఇవే.

మొదటిది బరువు. జీమెయిల్ 102 కేబీ దాటిన ఉత్తరాన్ని మధ్యలో కత్తిరించి, మిగతాది చూడాలంటే నొక్కమంటుంది. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు, తెలుగులో ప్రతి అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు మూడేసి బైట్లు. "స్త్రీ" అన్న ఒక్క మాటలోనే స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి కలిపి ఆరు గుర్తులు, పద్దెనిమిది బైట్లు. రెండు వేల మాటల ఇంగ్లిష్ వ్యాసం పన్నెండు కేబీ ఉంటే, రెండు వేల మాటల తెలుగు వ్యాసం యాభై కేబీ వరకూ వెళ్తుంది. దానికి సర్వీసు తగిలించే రంగుల డబ్బాలు, బటన్లు, ఫుటర్ కోడ్ కలిస్తే గీత దగ్గరికి వచ్చేస్తాం. కత్తిరింపు పడితే ఉత్తరం అడుగున ఉండే "ఇక వద్దు" లింకు కూడా కనబడదు. అది కనబడని పాఠకులు స్పామ్ బటన్ నొక్కుతారు, దాని దెబ్బ మిగతా అందరి ఇన్‌బాక్సుల మీదా పడుతుంది. అందుకే పెద్ద వ్యాసాలు రాసేవాళ్లు మొదటి మూడు పేరాలు మెయిల్‌లో పంపి, మిగతాది సైటులో చదవమనడం మేలు. అలా చేయాలంటే ఆర్కైవ్ బాగుండాలి. మళ్లీ మూడో దారికో, ఘోస్ట్‌కో వస్తాం.

ఫీడ్‌లో మాత్రం ఈ కత్తిరింపు వద్దు, పూర్తి పాఠం ఇవ్వండి. వర్డ్‌ప్రెస్ సెట్టింగుల్లో ఇది ఒక్క టిక్కు, బ్లాగర్‌లోనూ అంతే. ఫీడ్ రీడర్ వాడేవాళ్లు కొద్దిమందే, కానీ వాళ్లు గట్టి పాఠకులు. మీ గురించి పదిమందికి చెప్పేది వాళ్లే.

రెండోది అడ్రసు. వర్డ్‌ప్రెస్‌లో తెలుగు శీర్షిక పెడితే టపా అడ్రసు కూడా తెలుగులోనే తయారవుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వాట్సాప్‌లో పెడితేనే అసలు రూపం బయటపడుతుంది. ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది ఇంగ్లిష్ గుర్తులుగా విడిపోయి లింకు రైలుబండంత అవుతుంది. పైగా వర్డ్‌ప్రెస్ ఆ అడ్రసుకు కేటాయించిన చోటు 200 గుర్తులే కాబట్టి, ఇరవై రెండు తెలుగు గుర్తులు దాటితే శీర్షిక తోక తెగుతుంది. బ్లాగర్‌ది ఇంకో తీరు. తెలుగు శీర్షికను పట్టించుకోకుండా బ్లాగ్‌పోస్ట్, దాని వెనక ఒక అంకె అన్నట్టు పెట్టేస్తుంది. ఏ సర్వీసైనా పబ్లిష్ నొక్కేముందు అడ్రసు గడిలో ఇంగ్లిష్ అక్షరాల్లో ఏడాది, నెల, ఒక మాట మీరే పెట్టండి. తర్వాత దాన్ని ముట్టుకోకండి.

మూడోది అక్షరం అందం. సైటులో మండలి, సురన్న, రామభద్ర లాంటి ఫాంట్లు పెట్టుకోవచ్చు. మెయిల్‌లో అవి చాలాచోట్ల కనబడవు, జీమెయిల్ బయటి ఫాంట్లను తెచ్చుకోదు. పాఠకుల ఫోన్లో ఏ తెలుగు ఫాంటుంటే అదే. మన చేతిలో ఉండేది వరసల మధ్య ఎడం. ఇంగ్లిష్ కోసం చేసిన మూసల్లో వరసలు దగ్గరగా ఉంటాయి. కింది వరస గుడులు పై వరస వత్తుల్లో చిక్కుకుంటాయి. ఎడం పెంచుకోనివ్వని సర్వీసును నేనైతే అక్కడికక్కడే వదిలేస్తాను.

ఇంక వాట్సాప్ గురించి. మన పాఠకులు నచ్చినదాన్ని మెయిల్‌లో ఫార్వర్డ్ చేయరు, కుటుంబ గ్రూపులో పడేస్తారు. అక్కడికి వెళ్లేది ఆర్కైవ్ లింకే. కాబట్టి లింకు పెట్టగానే శీర్షిక, బొమ్మ సరిగా వస్తున్నాయో లేదో చూసుకోండి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కొన్ని సర్వీసుల్లో ఉత్తరం పైన ఉండే "బ్రౌజర్‌లో చూడండి" లింకులో ఆ చందాదారు గుర్తింపు దాగి ఉంటుంది. దాన్ని గ్రూపులో పెడితే ఎవరో వాళ్ల చందా రద్దు చేసేయొచ్చు. దాని బదులు సైటు లింకును మీరే ఉత్తరం మొదట్లో పెట్టండి. "మెయిలెందుకు, వాట్సాప్ చానల్ చాలదా?" అంటారు కొందరు. కబురు చెప్పడానికి చాలు. కానీ వాట్సాప్ తన సర్వర్లలో చానల్ పాత సందేశాలను ఉంచేది 30 రోజుల వరకే. అది బీరువా కాదు, గోడ మీద పోస్టరు.

డబ్బులు, అనుమతులు

చందా డబ్బు వసూలు చేయాలనుకుంటే కథ మారుతుంది. సబ్‌స్టాక్ పది శాతం తీసుకుంటుంది, పైన కార్డు ఖర్చులు. ఘోస్ట్ వాటా తీసుకోదు. కానీ రెండూ డబ్బు తెచ్చేది ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ స్ట్రైప్ ద్వారా, భారత్‌లో స్ట్రైప్ కొత్త ఖాతాలను 2024 నుంచి ఆహ్వానం ఉన్నవాళ్లకే ఇస్తోంది. డాలస్‌లోనో లండన్‌లోనో ఉండి రాసే తెలుగువాళ్లకి ఈ బాధ లేదు. విజయవాడలో కూర్చుని రాసేవాళ్లు మాత్రం డబ్బు దారిని వేరుగా పెట్టుకోవాలి. సైటులో యూపీఐ క్యూఆర్ కోడ్ పెట్టి "నచ్చితే పంపండి" అనడం అన్నిటికంటే సులువు. రేజర్‌పే లాంటివి వర్డ్‌ప్రెస్‌తో కలుస్తాయి. అంటే, డబ్బు కోసమే సబ్‌స్టాక్ ఎంచుకుంటున్న ఇక్కడి రచయితలు ముందు స్ట్రైప్ ఖాతా వస్తుందో రాదో చూసుకుని అప్పుడు దిగాలి.

సొంత జీమెయిల్ నుంచే బీసీసీలో పంపేద్దామంటారా? రోజుకి 500 మంది పరిమితి. దానికంటే ముందే స్పామ్ తలనొప్పి మొదలవుతుంది. సర్వీసు ద్వారా పంపుతూ "ఫ్రమ్" దగ్గర జీమెయిల్ అడ్రసు పెట్టడం కూడా అలాంటి పనే. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నియమాలు బిగించాయి. ఉత్తరం నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే సెట్టింగులు మూడు: ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. మొదటి రెండింటిలో ఒకటైనా అందరికీ ఉండాలి. రోజుకి ఐదు వేలు దాటి పంపేవాళ్లకి ఆ మూడూ, ఒక్క నొక్కుతో చందా మానే సదుపాయం కూడా తప్పనిసరి. మన ఉత్తరాలు ఐదు వేలకి ఎప్పుడు చేరతాయో గానీ, ఈ నాలుగూ మొదటి రోజే పెట్టుకుంటే మంచిది. పై సర్వీసులన్నీ ఏం చేయాలో మెట్టు మెట్టుగా చూపిస్తాయి.

ఎంతమంది తెరిచారన్న లెక్కల కోసం ఖరీదైన ప్లాను కొనకండి. 2021లో ఆపిల్ తన మెయిల్‌లో గోప్యత సదుపాయం పెట్టాక, తెరవని ఉత్తరాలూ తెరిచినట్టే కనిపిస్తున్నాయి. ఫీడ్‌లో చదివేవాళ్లు ఎలాగూ ఆ లెక్కలోకి రారు.

ఎవరికి ఏది

కథలు, కవితలు రాస్తూ టెక్నాలజీ అంటే చిరాకుపడేవాళ్లు సబ్‌స్టాక్‌కి వెళ్లండి, డొమైన్ మాత్రం సొంతది పెట్టండి, మూడు నెలలకోసారి ఎక్స్‌పోర్ట్ దింపుకోండి. ఇప్పటికే బ్లాగు ఉన్నవాళ్లు దాన్ని వదలకండి. ఫీడ్ నుంచి మెయిల్ పంపే సర్వీసు ఒకటి తగిలించుకుంటే చాలు, కొత్త ఇల్లు కట్టనక్కర్లేదు. నలుగురైదుగురు కలిసి పత్రికలా నడిపితే ఘోస్ట్. వేల మంది చందాదారులున్న సంస్థకు, సర్వర్ చూసుకునే మనిషి జీతం మీద ఉంటే, లిస్ట్‌మాంక్.

పూర్వ విద్యార్థుల సంఘాలు, అపార్ట్‌మెంట్ సంఘాల ఉత్తరాలు వేరు. వాటిలో ఫోన్ నంబర్లు, ఎవరింట్లో ఏ శుభకార్యం, ఎవరు ఎంత విరాళం ఇచ్చారు, అన్నీ ఉంటాయి. వాటికి బయటి ఆర్కైవ్ వద్దు, ఫీడ్ అసలే వద్దు. సభ్యులు మాత్రమే లాగిన్ అయి చూసే గూగుల్ గ్రూప్ చాలు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తర్వాత, సభ్యుల జాబితాను ఎక్సెల్ ఫైలుగా అందరికీ పంచే పాత అలవాటు కూడా మానుకోవాలి.

పంపేవాళ్ల సంగతి అలా ఉంచితే, చదివేవాళ్లకీ ఓ ఉపాయం. ఫీడ్ లేని న్యూస్‌లెటర్‌ను కూడా "కిల్ ద న్యూస్‌లెటర్" అనే ఉచిత సేవ ఫీడ్‌గా మార్చి ఇస్తుంది. అది ఇచ్చే ఈమెయిల్ అడ్రసుతో చందా కట్టి, ఫీడ్‌ను రీడర్‌లో పెట్టుకుంటారు. ఆ ఫీడ్ అడ్రసు ఎవరికీ ఇవ్వకండి, మీ చందా రద్దు చేసే లింకు అందులోనే ఉంటుంది.

ఏది ఎంచుకున్నా, చందాదారులను పిలిచేముందు ఒక సాయంత్రం పరీక్షకు పెట్టుకోండి. మీవే మూడు ఈమెయిళ్లు చేర్చి, మీరు రాసేవాటిలోకెల్లా పొడవైన తెలుగు వ్యాసం పంపండి. పాత ఆండ్రాయిడ్ ఫోన్లో జీమెయిల్ తెరిచి కత్తిరింపు పడిందేమో చూడండి. లాగిన్ కాకుండా ఆర్కైవ్ తెరవండి. ఫీడ్‌ను ఏదైనా రీడర్‌లో పెట్టి వత్తులు సరిగా వస్తున్నాయో చూడండి. చివరగా ఎక్స్‌పోర్ట్ నొక్కి, దిగిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అందులో మీ తెలుగు తెలుగులాగే కనబడితే ఆ సర్వీసులో చేరొచ్చు. ఆ తర్వాత ప్రతి సంచిక పబ్లిష్ అయ్యాక దాని లింకును, వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో "సేవ్ పేజ్" గడిలో ఒకసారి పెట్టండి. అర నిమిషం పని, పైసా ఖర్చు లేదు. నా రెండో ఇల్లు మూతపడినప్పుడు, ఎక్స్‌పోర్ట్ చేయడం మరిచిపోయిన రెండు సంచికలు నాకు దొరికింది అక్కడే.